ఆక్సిజన్ అందని కోళ్ళు

ముదినేపల్లి చుట్టుపక్కల ఎవరినైనా ఆపి, పిచ్చేశ్వరరావు ఇల్లెక్కడని అడిగితే "ఏ పిచ్చేశ్వరరావు?" అని ఎదురడుగుతారు. ఆ పేరున్నవాళ్ళు అక్కడ ఊరికి పదిమంది. "ఆక్సిజన్ పిచ్చేశ్వరరావు" అంటే మాత్రం, అడిగినవాడు బండి మీద ఉంటే వెనకెక్కి కూచుని మరీ దారి చూపిస్తారు.

ఆ బిరుదు వెనక ఒకే ఒక్క తెల్లవారుజాము ఉంది. పన్నెండేళ్ళ కిందట, మబ్బు పట్టి గాలి ఆడని ఒక రోజున, పిచ్చేశ్వరరావు వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ పక్కవాళ్ళ చేపల చెరువు గట్టెక్కాడు. నీళ్ళ వంక చూశాడు. పుల్ల నోట్లోంచి తీసి, "ఆక్సిజన్ పడిపోయింది. అరగంటలో చేపలు తేలతాయి," అన్నాడు. ఇరవై నిమిషాలకే శీలావతులు, బొచ్చెలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. నీళ్ళు చిలికే ఏరేటర్లు తిప్పారు, ఆక్సిజన్ బిళ్ళలు చల్లారు, చెరువు దక్కింది. ఆయన ఆ రోజు చెప్పింది ఒక్క మాట. అది నిజమైంది. ఆ ఒక్క నిజం మీద మనిషి పన్నెండేళ్ళు బతికేశాడు.

చేపల మేత బస్తాల కోసం చెరువు దగ్గర మెరక మీద కట్టించుకున్న రేకుల షెడ్డు, ఆ తర్వాత ఆయన దర్బారైంది. బస్తాలు బయటికొచ్చి టార్పాలిన్ కింద చేరాయి. లోపల నున్నటి సిమెంటు గచ్చు మీదకి ఒక తిరిగే కుర్చీ, దాని ఎదురుగా ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీదకి గుడివాడలో శాలువా కప్పించుకున్న ఫొటో వచ్చాయి. సాయంత్రమయ్యేసరికి రైతులు చేరేవాళ్ళు. చేప ఎదగకపోయినా, రొయ్య మేత తినకపోయినా, ఎవరి గేదె ఆయాసపడినా పిచ్చేశ్వరరావు కళ్ళు సగం మూసుకుని అంతా విని, చివరికి ఆక్సిజన్ దగ్గరికే వచ్చి ఆగేవాడు. భార్య విజయకుమారి మోకాళ్ళ నొప్పులంటే కూడా, "గాలి తగిలేట్టు కూచో," అన్నాడు. మాత్రలు ఆవిడే తెచ్చుకుంది.

ఇక కోళ్ళ సంగతి. అవి మామూలు కోళ్ళు కావు, గిన్నీ కోళ్ళు. బూడిదరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, బోడి తల, కొత్తమనిషి కనిపిస్తే ఊరంతా లేచేట్టు అరుపు. పుట్టుకకి అడవి పక్షులు కాబట్టి ఎంత పెంచినా చేతికి చిక్కవు. విజయకుమారిది దివిసీమ, నాగాయలంక దగ్గర. రెండేళ్ళ కిందట చెరువు గట్టు మీదనుంచి ఒక తాచు నేరుగా వంటింటి గడప దాకా వస్తే, ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఎనిమిది గిన్నీ కోళ్ళని బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది. పామును చూస్తే అవి గోల చేసి ఊరుకోవు, చుట్టుముడతాయి. ఆ తర్వాత పాము రాలేదు. ఎనిమిది నలభై అయ్యాయి. గుడ్లు పొదగేసిందీ, పిల్లలకి నూకలు నానబెట్టిందీ, వానకి తడిస్తే కొంగుతో తుడిచిందీ విజయకుమారే.

నలభై ఉన్నప్పుడు పిచ్చేశ్వరరావు వాటిని "మా ఆవిడ కోళ్ళు" అని విసుక్కునేవాడు. నూరు దాటాక "మా కోళ్ళు" అన్నాడు. గుడివాడ హోటలువాళ్ళు వెతుక్కుంటూ రావడం మొదలయ్యాక, మంద నాలుగు వందల పన్నెండుకి చేరాక, "నా ప్రాజెక్టు" అన్నాడు.

ప్రాజెక్టన్నాక మార్పులుండాలి కదా! ఇంటి వెనక ఎండ పడే ఇసుక దొడ్లో తిరిగే కోళ్ళని రెండు చెరువుల మధ్య ఉన్న వెడల్పాటి గట్టు మీదకి మార్చాడు. గిలకలదిండి రేవులో పాత వలలు కొనుక్కొచ్చి చుట్టూ, పైనా కట్టించాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వానపాముల ఎరువు రెండు ట్రాక్టర్లు, పాములతో సహా, తెచ్చి లోపల పోయించాడు.

"ఇదంతా ప్రోటీన్ విజయా! మేత ఖర్చు సగం తగ్గుద్ది చూడు," అన్నాడు.

"ఎప్పుడూ చెమ్మగా ఉండే నేల కోడికి పడదండీ. మా అమ్మమ్మ రెండు నెలలకోసారి దొడ్డి మార్చేది," అంది విజయకుమారి.

"మీ అమ్మమ్మ కాలంలో ప్రోటీన్ ఎక్కడిది?" అన్నాడాయన. ఆ ప్రశ్నకి జవాబు ఎవరి దగ్గరా ఉండదు.

శ్రావణం వానలు పట్టుకున్నాయి. గట్టు నల్లరేగడి ముద్దయింది. కోళ్ళు కాళ్ళతో గీకి గీకి వానపాముల్ని లాగి తింటుంటే పిచ్చేశ్వరరావు వల పట్టుకుని నిలబడి, ఆనందంగా లెక్కపెట్టేవాడు. మూడు వారాలు గడిచాయి. ఒక తెల్లవారుజామున వల దగ్గరికి వెళ్తే, పది పదిహేను కోళ్ళు మెడలు చాచి, ముక్కులు బార్లా తెరిచి, గుటక పడనట్టు గాలి పీలుస్తూ కనిపించాయి. మధ్యమధ్య తల విదిలిస్తున్నాయి. ఒకదాని గొంతులోంచి సన్నగా ఈల వస్తోంది.

వేరే మనిషైతే కంగారుపడేవాడు. పిచ్చేశ్వరరావు ముఖం వెలిగిపోయింది. తెల్లవారుజాము, మబ్బు, గాలి లేదు, నోళ్ళు తెరుచుకున్నాయి. పన్నెండేళ్ళ కిందటి చెరువు మళ్ళీ రెక్కలతో ఎదురుగా నిలబడింది.

"ఆక్సిజన్!" అన్నాడు.

వెనకే వచ్చిన విజయకుమారి ఒక కోడిని ఒడుపుగా పట్టి, ముక్కు విప్పి, వెలుతురొచ్చే వైపు తిప్పి చూసింది. "ఆక్సిజన్ కాదండీ. గొంతులో పురుగు పడింది. చిన్నప్పుడు మా దొడ్లో కోళ్ళకి వచ్చేది. మా అమ్మమ్మ ఈకతో లాగేది."

"పురుగులు కడుపులో ఉంటాయి. గొంతులో ఏం చేస్తాయే, పాటలు పాడతాయా?" అని పిచ్చేశ్వరరావు తన మాటకి తనే నవ్వుకున్నాడు.

"ఒకసారి పశువుల డాక్టర్ని..."

"విజయా, నోరు తెరిచింది చేపైనా కోడైనా కావలసింది గాలే. ఇందులో డాక్టరెందుకు?"

ఆ పూట ఆవిడ ఇంకోసారి కూడా చెప్పింది. చెప్పింది రెండుసార్లు, ఆయన నవ్విందీ రెండుసార్లే. అయితే రెండోసారి చెప్పినప్పుడు చివర ఒక మాట కలిపింది. "ఈ మంద పోతే ఇంక నేను ఏదీ పెంచనండీ. ఈ ఇంట్లో నాది అని చెప్పుకోడానికి ఇవొక్కటే ఉన్నాయి." ఆ మాట ఆయనకి వినపడింది. వినపడ్డాక కూడా ఏరేటర్ సంగతి చూడ్డానికే వెళ్ళాడు.

చెరువులో తిరిగే ఏరేటర్ని, ఆ రెక్కల చక్రాన్ని, వల పక్కకి లాగించి మోటారు వేశాడు. చక్రం తిరిగి గాలి కొట్టింది, గాలితోపాటు తుంపర కొట్టింది. నీళ్ళ గిన్నెల్లో ఆక్సిజన్ బిళ్ళలు వేశాడు. చెరువు అడుగు బాగుచేసే జియోలైట్ పొడి నేల మీద చల్లాడు. తుంపరకి నేల ఇంకా తడిసి, లోపలున్న వానపాములు కూడా బయటికొచ్చాయి. కోళ్ళు ఆత్రంగా తిన్నాయి. "చూశావా, ఆకలి పెరిగింది," అన్నాడు పిచ్చేశ్వరరావు.

మర్నాడు మూడు చచ్చిపోయాయి. ఆ మర్నాడు అయిదు.

ఆయన మూర్ఖుడు కాదు. నలుగురినీ అడిగి చూద్దామనుకున్నాడు. మొదట గుడివాడ రోడ్డులో చేపల మందుల కొట్టున్న కృపానందాన్ని అడిగాడు. "మీరేమనుకుంటున్నారండీ?" అన్నాడు కృపానందం జాగ్రత్తగా. "ఆక్సిజన్ అనుకుంటున్నా." "నేనూ అదే అనబోతున్నానండీ," అని ఇంకో రెండు డబ్బాల బిళ్ళలు కట్టి ఇచ్చాడు. తర్వాత చెరువుల నీళ్ళు పరీక్ష చేసే జయంత్‌ని పిలిచాడు. ఆ కుర్రాడు డిగ్రీ కాలేజీలో చదివినా, పని నేర్చుకున్నది పిచ్చేశ్వరరావు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూచునే. కోళ్ళని చూసి, తల గోక్కుని, "ఆక్సిజనే సార్. మీరే చెప్పేవారు కదా, నోరు తెరిస్తే ఇంక ఆలోచించక్కర్లేదని," అన్నాడు. సాయంత్రం షెడ్డులో ఇద్దరు రైతుల్ని అడిగితే వాళ్ళూ అదే అన్నారు. ఈ విధంగా తన మాటే నాలుగు వైపులనుంచి తిరిగొచ్చేసరికి, నలుగురు నిపుణులు ఒక్క మాట మీద ఉన్నారని పిచ్చేశ్వరరావు ధైర్యపడ్డాడు.

వారం తిరిగేసరికి ఒక వింత జరిగింది. చావులు తగ్గాయి. ఏరేటర్ పక్కనున్న తలుపు దగ్గర కోళ్ళు నోళ్ళు మూసుకుని, ముక్కులతో నేల పొడుస్తూ, హాయిగా అరుస్తూ తిరుగుతున్నాయి. దూరంగా ఉన్నవి మాత్రం ఇంకా ఆవలిస్తున్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి? బాగున్న కోళ్ళ కాళ్ళకి ఎర్ర గుడ్డపేలికలు కట్టి ఉండటం కూడా ఆయన గమనించాడు. పెడన కలంకారీ గుడ్డ, విజయకుమారి జాకెట్టు కుట్టించుకోగా మిగిలింది.

"మా ఆవిడ దిష్టికి కట్టినట్టుంది," అని షెడ్డులో నవ్వుతూ చెప్పాడు. "ఆడవాళ్ళ నమ్మకాలు మనం కాదనకూడదు. ఒకపక్క సైన్సు పని చేస్తోంది, ఇంకోపక్క పేలిక కట్టుకోనీ. నష్టమేముంది?"

జయంత్ ఫోనులో వీడియో తీశాడు. పిచ్చేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏరేటర్ మీద చెయ్యి వేసి, కోళ్ళకి ఏరేటర్ వైద్యం గురించి పదకొండు నిమిషాలు మాట్లాడాడు. నాలుగు రోజుల్లో నలభై వేలమంది చూశారు. కైకలూరు నుంచి, భీమవరం నుంచి ఫోన్లు. కోళ్ళ రైతులు వచ్చి కళ్ళారా చూస్తామన్నారు. "ఆదివారం పదింటికి రండి. టిఫిను ఇక్కడే," అన్నాడు.

బుధవారం పొద్దున్న విజయకుమారి సంచి సర్దుకుంది. నాగాయలంకలో అక్క మనవరాలికి అన్నప్రాశన. వెళ్ళేముందు వల దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తాను. ఈలోపు..." అని ఆగింది.

"ఏరేటర్ ఉందిగా," అన్నాడు పిచ్చేశ్వరరావు.

ఆవిడ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "అవును, అదుందిగా," అని బస్టాండుకి నడిచింది.

గురువారం పదకొండు కోళ్ళు చచ్చాయి. ఏరేటర్ వేగం పెంచాడు. శుక్రవారం పందొమ్మిది. కృపానందం ఇంకో ఏరేటర్ పంపించాడు, డబ్బు తర్వాత చూసుకుందాం అన్నాడు. అది కూడా తిప్పాడు. శనివారం తెల్లారేసరికి ఇరవయ్యారు కోళ్ళు మెడలు చాచి పడి ఉన్నాయి. రెండు ఏరేటర్లు పెద్ద చప్పుడు చేసుకుంటూ వాటి మీద గాలి కొడుతున్నాయి.

పిచ్చేశ్వరరావుకి మొదటిసారి భయం వేసింది. రేపు వచ్చే రైతుల గురించి కాదు, ఆ భయం తర్వాత వచ్చింది. ముందొచ్చింది విజయకుమారి గొంతు. నాది అని చెప్పుకోడానికి ఇవొక్కటే అన్న గొంతు. చచ్చిన కోడిని ఒకదాన్ని ఎత్తితే చేతిలో దూదిలా ఉంది, బరువు లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మరీ తుడుచుకున్నాడు. అలవాటు అంత తొందరగా పోదు.

మూడు కోళ్ళని మేత సంచిలో పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా ఊరి బయటి దారిన పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడి డాక్టరు ఫౌజియాది బందరు. ఆ అమ్మాయి ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలే అయింది. వచ్చిన కొత్తలో గేదెల టీకాలకి ఊళ్ళోకి వస్తే, పిచ్చేశ్వరరావు షెడ్డులో కూచోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, ఆక్సిజన్ గురించి ముప్పావుగంట చెప్పి పంపించాడు. ఇప్పుడు ఆ అమ్మాయి ఎదురుగా సంచితో నిలబడటం ఆయనకి బాగాలేదు.

"రండి పిచ్చేశ్వరరావు గారూ. ఏమైందండీ?"

"ఆక్సిజనే అనుకోండి... అయినా ఒకసారి మీరు కూడా..."

ఫౌజియా గ్లౌజులు వేసుకుని, ఒక కోడి మెడ మీద కత్తెరతో నిలువుగా కోసి, గాలిగొట్టం విప్పి, ట్రేలో పరిచింది. లోపల గోడకి ఎర్రటి దారాలు అతుక్కుని ఉన్నాయి. ఒకటి కాదు, పద్దెనిమిదో ఇరవయ్యో. కొన్ని ఇంకా మెలికలు తిరుగుతున్నాయి.

"పురుగులండీ. గాలిగొట్టంలో చేరి రక్తం తాగుతాయి. గొట్టం మూసుకుపోయి కోడి నోరు తెరుస్తుంది. మీరన్నది కొంత నిజమే, గాలి అందట్లేదు. కాకపోతే గాలి బయట బోలెడుంది, లోపలికెళ్ళే దారి లేదు," అంది.

పిచ్చేశ్వరరావు వంగి చూశాడు. ప్రతి దారమూ ఒక చివర రెండుగా చీలి ఉంది. "ఇదేంటండీ, పంగల కర్రలాగా ఉంది?"

"అది ఒక పురుగు కాదండీ, జంట. ఆడదీ మగదీ అతుక్కుని ఉంటాయి, చచ్చేదాకా విడిపోవు. ఈ పెద్దది రక్తం తాగి, గుడ్లు పెట్టి, సంసారం మొత్తం నడుపుతుంది. దాన్ని పట్టుకుని ఈ చిన్నది వేలాడుతూ ఉంటుంది."

"పెద్దది మగదా?"

"ఆడదండీ. వేలాడేది మగది."

పిచ్చేశ్వరరావు నడుం ఎత్తి నిటారుగా నిలబడ్డాడు.

"ఈ గుడ్లు రెట్టలోంచి నేలలో పడతాయండీ," అంది ఫౌజియా చేతులు కడుక్కుంటూ. "వానపాము వాటిని తింటే దాని ఒంట్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. కోడి ఆ వానపాముని తింటే మళ్ళీ గొంతుకి చేరతాయి. మీ దొడ్లో వానపాములు ఎక్కువా?"

"ఎక్కువంటే..." అన్నాడు పిచ్చేశ్వరరావు. "రెండు ట్రాక్టర్లు."

డాక్టరు మంచిపిల్ల. నవ్వలేదు. మందుల పెట్టె తీసుకుని, స్కూటరు మీద ఆయన వెనకే గట్టుకి వచ్చింది. వల తలుపు తీసి లోపలికెళ్ళి, గాలి కొడుతున్న ఏరేటర్లని ముందు ఆపించింది. పేలిక కట్టిన కోడిని ఒకదాన్ని పట్టుకుని, ముక్కు విప్పి, ఫోను లైటు వేసి చూసింది. ఇంకోదాన్ని చూసింది. మూడోదాన్ని చూసింది.

"వీటి గొంతులు శుభ్రంగా ఉన్నాయి. ఈ పేలికలు ఎవరు కట్టారండీ?"

"మా ఆవిడ. దిష్టికి."

"దిష్టికి కాదండీ, గుర్తుకి. పురుగు తీసిన కోడికి కట్టారు, మళ్ళీ దాన్నే పట్టుకోకుండా."

తలుపు గుంజకి ఒక డబ్బా వేలాడదీసి ఉంది. ఇన్నాళ్ళూ ఆయన దాని పక్కనుంచే వెళ్ళాడు, వచ్చాడు. అందులో చివర మాత్రం కుచ్చు ఉంచి మిగతాదంతా దూసేసిన ఈకలు పాతిక దాకా ఉన్నాయి. అడుగున కొంచెం ఆముదం. రోజూ సాయంత్రం షెడ్డులో తాను ఆక్సిజన్ గురించి చెబుతున్న గంటన్నరలోనే ఆవిడ ఇక్కడ కూచుని ఈ పని చేసిందన్నమాట.

పిచ్చేశ్వరరావు గట్టు మీద చతికిలబడి ఫోను చేశాడు.

"విజయా, ఎన్నిటికి తీశావు?"

అవతల అన్నప్రాశన సందడి వినిపించింది. ఆవిడ ఏ సంగతని అడగలేదు. "నూట పదహారుకి. రోజుకి పదీ పదిహేనుకంటే చెయ్యి ఆగేది కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. రెండుసార్లు."

ఆ వెంటనే ఆవిడే, "ఎన్ని మిగిలాయి?" అంది. చెప్పాడు. అటుపక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. పిచ్చేశ్వరరావు తన జీవితంలో ఎన్నో చప్పుళ్ళు విని ఎన్నో రోగాలు చెప్పాడు. ఈ చప్పుడుకి కారణం చెప్పడానికి ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"మొదటి బస్సుకి వస్తున్నాను," అంది విజయకుమారి.

ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆవిడ దిగేసరికి ఫౌజియా అప్పటికే వచ్చి ఉంది, సెలవు రోజైనా. మేతలో మందు కలిపి వారం రోజులు పెట్టాలని, అయితే బాగా ముదిరిన డెబ్భై, ఎనభై కోళ్ళు మందు పనిచేసేదాకా ఆగలేవని చెప్పింది. "వాటికి మీ ఈక వైద్యమే గతి అమ్మా. నేను పుస్తకంలో చదివానే గాని చెయ్యలేదు. మీరు తీస్తుంటే చూసి నేర్చుకుంటాను. ఇంకోటి, ఈ నేల మీద ఇవి ఒక్క పూట కూడా ఉండకూడదు. వానపాము రాని పొడి నేల కావాలి, పైన కప్పు ఉండాలి."

ఇంటి వెనక ఇసుక దొడ్డి వానకి మడుగై ఉంది. విజయకుమారి మెరక మీదున్న షెడ్డు వైపు చూసింది, అంతే.

పిచ్చేశ్వరరావు కూడా చూశాడు. నున్నటి సిమెంటు గచ్చు, రేకుల కప్పు. లోపలికెళ్ళి ముందు ప్లాస్టిక్ కుర్చీలు నాలుగేసి చొప్పున బయట పెట్టాడు. తర్వాత తిరిగే కుర్చీ తోసుకొచ్చాడు. గడప దగ్గర దాని చక్రం ఇరుక్కుంటే, నెత్తిన పెట్టుకుని దించాడు. శాలువా ఫొటో తీద్దామా వద్దా అని ఒక క్షణం ఆగి, కోళ్ళకి అడ్డం కాదు కదా అని వదిలేశాడు.

పదింటికి రైతులు వచ్చారు. అరవైమంది పైనే. షెడ్డు నిండా గిన్నీ కోళ్ళు, షెడ్డు బయట వానమబ్బు కింద కుర్చీలు. కృపానందం ఆటోలో మూడు ఏరేటర్లు తెచ్చి, కొత్త బోర్డు కూడా పెట్టాడు: కోళ్ళ ఏరేటర్లు, బుకింగులు ప్రారంభం. జయంత్ ఫోను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

పిచ్చేశ్వరరావు నమస్కారం పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. నిన్న రాత్రంతా కూడబలుక్కున్న మాటలు మూడే మూడు ముక్కలు.

"అది ఆక్సిజన్ కాదండీ. గొంతులో పురుగు. నాకు తెలియలేదు, మా ఆవిడకి తెలిసింది."

వెనక వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు.

"ఎంత వినయమండీ!" అన్నాడు భీమవరం నుంచి వచ్చిన పెద్దమనిషి. "ఇంత కనిపెట్టి కూడా ఆ గొప్ప ఇంటావిడకి ఇస్తున్నారు చూడండి!"

"వినయం కాదండీ, నిజం," అన్నాడు పిచ్చేశ్వరరావు. "ఆ ఏరేటర్ వల్ల నా కోళ్ళు ఇంకా ఎక్కువ చచ్చాయి. నేల తడిసి, వానపాములు పైకొచ్చి..."

"అర్థమైంది సార్," అన్నాడు ముందు వరసలో ఒకాయన, పుస్తకం తెరిచి. "అయితే అయిదు వందల కోళ్ళకి ఎన్ని హెచ్‌పీ ఏరేటర్ పెట్టమంటారు?"

పిచ్చేశ్వరరావు అతని వంక చూశాడు. అవతల కృపానందం అప్పుడే ఇద్దరి పేర్లు రాసుకుంటున్నాడు. రెండుసార్లు చెప్పాడు. సాక్షాత్తూ ఆక్సిజన్ పిచ్చేశ్వరరావు, ఇస్త్రీ చొక్కాతో, ఎదురుగా నిలబడి, నిజం రెండుసార్లు చెప్పాడు. ఒక్కడికీ ఎక్కలేదు. రెండుసార్లు చెప్పి ఊరుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు, ఆ మెరక మీద తెలిసింది. రెండు మూడు వారాల తర్వాత కాదు, ముప్ఫై ఏళ్ళ కాపురం తర్వాత తెలిసింది.

మూడోసారి చెప్పబోలేదు. వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళాడు.

లోపల విజయకుమారి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది. పక్కన ఆముదం గిన్నె, దూసిన ఈకలు, ఎర్ర పేలికలు. ఫౌజియా ఫోను లైటు పట్టుకుంది. ఎగశ్వాస పీలుస్తున్న కోడిని ఒకదాన్ని ఎవరైనా పట్టుకోవాలి. ఆయన ఎదురుగా కూలబడి, కోడిని ఒళ్ళోకి తీసుకున్నాడు. అది పెనుగులాడి ఇస్త్రీ చొక్కా మీద రెట్ట వేసింది.

"విజయా, అసలు నేను ఆ రోజే..." అని మొదలుపెట్టాడు.

"ముందు మీరు నోరు ముయ్యండి," అంది విజయకుమారి, కోపంగా కాదు, పని మీదున్న మనిషి గొంతుతో. "తెరవాల్సింది అది."

ఆయన మూశాడు. కోడి తెరిచింది. ఆవిడ ఈకని నాలుక వెనకనుంచి లోపలికి దింపి, వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పి, మెల్లగా లాగింది. కుచ్చుకి అంటుకుని రెండు ఎర్ర దారాలు బయటికొచ్చాయి. ఒక్కోదానిలో పెద్దది మెలి తిరుగుతోంది, చిన్నది దాన్ని పట్టుకుని వేలాడుతోంది. కోడి తల విదిలించి, ఇన్ని రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుంది. దాని ఒళ్ళు ఆయన చేతుల్లో వదులైంది.

బయట రైతులు ఏరేటర్ ధర తగ్గించమని కృపానందంతో బేరమాడుతున్నారు. పిచ్చేశ్వరరావు కోడి కాలికి పేలిక కట్టాడు. ముడి సరిగ్గా పడకపోతే విజయకుమారి విప్పి మళ్ళీ కట్టింది.

"ఇంకోటి పట్టుకురండి," అంది.

ఆయన లేచి వెళ్ళి పట్టుకొచ్చాడు.